నేను ఎక్కనన్న బండి

9 నవంబర్ 1982, జనగామ

ఇవాళ మధ్యాహ్నం మా ఆయన ఒక వ్యాను కొనుక్కొచ్చాడు. కొంటానని నాతో ఒక్క మాట అనలేదు. సికిందరాబాదులో పనుందని పొద్దున రైల్లో పోయినవాడు వ్యానులో తిరిగొచ్చాడు.

ఈ పుస్తకంలో ఆయనను వచ్చాడు, అన్నాడు అనే రాస్తాను. నోటితో ముప్పై ఏళ్ళుగా మీరు అంటున్నాను. ఇక్కడ కూడా అనడం నా వల్ల కాదు.

గేటు ముందు హారను మోగితే ఎవరో అనుకుని వెళ్ళాను. వెలిసిపోయిన తెల్లరంగు మెటడోరు. ఎవరో కళ్ళ డాక్టరు ఊరూరా క్యాంపులు పెట్టుకుంటూ తిరగడానికి చేయించుకున్నదట. ఆ డాక్టరు చనిపోతే కొడుకులు అమ్మేశారట. మా ఆయన వెనక తలుపు తెరిచి చూపించాడు. రైలుపెట్టెలో లాగా అటొక బల్ల, ఇటొక బల్ల, పడుకోవడానికి. కిరసనాయిలు స్టవ్ పెట్టుకోవడానికి గూడు. మూలన నీళ్ళ ట్యాంకు, దానికో చిన్న నల్లా. కిటికీలకు పరదాలు.

"ఇల్లు లెక్కనే ఉన్నది సూడు రుక్మిణీ. ఎవలింట్ల దిగే పని లేదు, ఎవల్ని మంచినీళ్ళు అడిగే పని లేదు. ఈ కార్తీకంల కాళేశ్వరం పోదాం, మనిద్దరం" అన్నాడు.

"ఎవల్నడిగి కొన్నరు?"

"అడిగేదేంది? నీ కోసమే గదా!"

నా కోసమట! మూడేళ్ళ కింద పుష్కరాలకు సగం జనగామ కాళేశ్వరం పోయింది. అప్పుడు ఆయనకు తీరలేదు. మీటింగులు. నేను బస్సులో నిలబడి పోయి, బస్సులో నిలబడి వచ్చాను. తిరిగొచ్చిన నాడు "ఎట్లుండె?" అని కూడా అడగలేదు. ఇప్పుడు నా కోసం ఇల్లు లాంటి బండి కొన్నాడు.

"నేనెక్క" అన్నాను. లోపలికి వచ్చేసరికి పప్పు అడుగంటింది. ఆ మాడిన పప్పే పెట్టాను. మాట్లాడకుండా తిన్నాడు.

10 నవంబర్

ఎక్కను.

12 నవంబర్

మా ఆడబిడ్డ అరుంధతి వచ్చింది. అన్న పంపించాడని అడగకుండానే తెలిసింది. ముందు వ్యాను చుట్టూ రెండుసార్లు తిరిగి, తర్వాత వంటింట్లోకి వచ్చి పీట వేసుకుంది.

"వదినే, పోయినేడు సమితి ఎలక్షన్ల ఓడినప్పటి సంది అన్న గడప దాటుతలేడు. ఇన్నాళ్ళకు యాడికన్న పోదామంటున్నడు. జర గాలి మారితె మంచిదే గదా?"

"గాలి ఆయనకు మారాలె. ఆయన్నే పొమ్మను."

"నువ్వు లేంది పోతడా? ఇంకెన్నేండ్లు వదినే?"

అరుంధతికి అన్నీ తెలుసు. తెలిసీ అడిగింది. అందుకే ఒళ్ళు మండింది.

నా కొడుకు బుచ్చి పోయిన నాటి నుంచి ఆయన మాట్లాడిన బండి నేను ఎక్కలేదు. మా అమ్మ చనిపోయిన రోజు కారు గేటు ముందే పెట్టించాడు. నేను దాని పక్క నుంచి నడిచి బస్టాండుకు పోయాను. అందరూ చూశారు. చూడనీ.

అరవై తొమ్మిది జూన్‌లో వరంగల్‌లో తెలంగాణ మీటింగుకు పిల్లలను లారీలో ఎక్కించింది ఆయనే. మా బుచ్చి, వాడితో పీయూసీ చదివే హాస్టలు పిల్లలు, ఒకరి మీద ఒకరు, జెండాలు పట్టుకుని. తను ముందు జీపులో. లీడరు కదా. రఘునాథపల్లి దాటాక మలుపులో లారీ తిరగబడింది. ముగ్గురు పోయారు. మా వాడు, పెద్దవంగర కొమురయ్య, భూపాలపల్లి రాజలింగం.

అంతటితో ఆగినా సరిపోయేది. ఏ సర్కారు ముర్దాబాద్ అని ఆ పిల్లల చేత అరిపించాడో, ఆ సర్కారు దగ్గరే రెండేళ్ళకు పదవి తీసుకున్నాడు. మెడలో దండతో ఇంటికి వచ్చాడు. ఆ దండ తీసి పెరట్లో బర్రెకు వేశాను. అది తినేసింది.

14 నవంబర్

ఆ వ్యాను పరదాలు మందుల కంపు కొడుతున్నాయి. అరుగు మీద కూర్చుంటే ముక్కుకు కొడుతోంది. తీసి ఉతికాను. అంతే.

17 నవంబర్

జనవరిలో ఎలక్షన్లట. ఇద్దరు పార్టీ వాళ్ళు వచ్చారు. వాళ్ళ కళ్ళు మనుషుల మీద లేవు, వ్యాను మీదే ఉన్నాయి.

"మైకు కట్టి, మీ అసోంటి పెద్దమనిషిని ముందట కూసోవెట్టుకుంటే ఊరూరు గెలిసినట్టే దొరా" అన్నాడు ఒకడు.

ఈయన నవ్వాడు. చాయ్ ఇప్పించాడు. "సూద్దాం తియ్యి" అన్నాడు.

సూద్దామట! వాళ్ళు గేటు దాటగానే అడిగాను. "కాళేశ్వరమన్నరు. నా కోసమన్నరు. దీనికేనా కొన్నది?"

"ఇయ్య రుక్మిణీ. మొకం మీద ఇయ్యనంటె బాగుండదని గట్లన్న."

"ఎన్నడన్న, ఎవలకన్న మొకం మీద ఏదన్న చెప్పిండ్రా మీరు?"

కండువా దులుపుకుని లోపలికి పోయాడు. దులుపుకోవడం బాగా వచ్చు.

ఈ బండి గురించి ఇక రాయను. దీనికి ఇన్ని పేజీలు దండగ.

20 నవంబర్

ఒక్కడే పోయాడు. డ్రైవరుగా దేవ్యాను పెట్టుకున్నాడు, తండా మనిషి, యాభై దాటినవాడు, నెమ్మదిగా నడుపుతాడని పేరు. ఎక్కడికని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. బియ్యం, పచ్చడి సీసా, రగ్గు తనే సర్దుకున్నాడు. పోతే పోయాడు. అగ్గిపెట్టె మరిచిపోయాడు. నాకేం.

21 నవంబర్

ఇల్లు ప్రశాంతంగా ఉంది.

22 నవంబర్

ఇల్లు ప్రశాంతంగా ఉంది. అగ్గిపెట్టె దారిలో ఎక్కడైనా దొరుకుతుంది. దేవ్యా బీడీలు తాగుతాడు, అతని దగ్గరే ఉండొచ్చు.

23 నవంబర్

పొద్దున వచ్చారు. ఆయన నా మొహం చూడకుండా తిన్నగా గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. దేవ్యా బావి దగ్గర వ్యాను కడుగుతున్నాడు. చాయ్ ఇవ్వడానికి పోయాను.

"కాళేశ్వరం ఎట్లున్నది దేవ్యా? మంది బాగున్నరా?"

"కాళేశ్వరం యాడ పోయినం దొరసాని? పెద్దవంగర పోయినం."

"ఆడ ఏం పని?"

అతను చాయ్ గ్లాసు పట్టుకుని గది వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"నాకైతె సమజు కాలే. ఊరి బయట బండి ఆపమన్నడు. ఆడికెల్లి ఒక పెంకుటిల్లు కనవడ్తది. పరద జర పక్కకు జరుపుకోని ఆ ఇంటినే సూసుకుంట కూసున్నడు. ఒక్క దినం గాదు, రెండు దినాలు. అన్నం వండిన, తినలే. దిగుండ్రి దొరా అన్న, దిగలే. గా ఇల్లెవలది అని అడిగిన. కొమురయ్యది అన్నడు. కొమురయ్య ఎవలంటే మాట్లాడలే."

గ్లాసు అతని చేతిలోనే ఉంది, నేను తిరిగి తీసుకోలేదు. కొమురయ్య ఎవరో నాకు తెలుసు. బుచ్చితో కలిసి ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాడు. సర్వపిండి చేస్తే గిన్నె అడుగున అంటుకున్నది కూడా గీకి తినేవాడు. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

ఇదన్నమాట. ఎవరింట్లో దిగే పని లేదు, ఎవరినీ నీళ్ళు అడిగే పని లేదు అంటే ఇదన్నమాట. ఆ పిల్లల ఇళ్ళకు బయల్దేరాడు. పదమూడేళ్ళకు. ఒక్కనాడు పోలేదు వాళ్ళ గడపలకు, పెద్దకర్మలకు పోలేదు, పదవి వచ్చినప్పుడు పోలేదు. వాళ్ళ నీళ్ళు అడిగే మొహం లేక నీళ్ళ ట్యాంకు ఉన్న బండి కొన్నాడు. కొని, పోయి, పరదా చాటు నుంచి చూసి వచ్చాడు. నేను ఉతికిన పరదా.

తలుపు తోసుకుని పోయాను.

"దిగలేదట."

మంచం మీద కూర్చున్నాడు. "కాళ్ళు రాలే" అన్నాడు.

"దొంగ లెక్కన రెండు దినాలు పరద సాటుకెల్లి సూస్తరా? సూసి మర్లొస్తరా?"

"నువ్వొస్తవనుకోని కొన్న బండి. నువ్వుంటె దిగుతుంటి."

"కాళేశ్వరం అని ఎందుకన్నరు మరి? గీ మాట మొదాలే చెప్తె నోరు పడిపోతదా?"

నోరు పడిపోయినట్టే కూర్చున్నాడు. అరవై ఏళ్ళ మనిషి. నాకు జాలి కలగలేదు. కలగలేదని ఇక్కడ రాసి పెడుతున్నాను.

24 నవంబర్

ఎక్కుతాను. ఆయన కోసం కాదు. ఆయనను దించడానికి.

25 నవంబర్, పెద్దవంగర

ఎక్కాను. మెట్టు ఎత్తుగా ఉంది. ఆయన చెయ్యి ఇవ్వబోతే పట్టుకోలేదు, తలుపు పట్టుకుని ఎక్కాను. ఒక బల్ల మీద నేను, ఎదురు బల్ల మీద ఆయన. పాలకుర్తి, తొర్రూరు దాటేదాకా ఒక్క మాట లేదు.

ఊళ్ళోకి రాగానే జనం చుట్టూ చేరారు. "మైకేది?" అని ఒకరు, "ఏం గుర్తు?" అని ఒకరు. ఇటువంటి బండి వస్తే ఓట్లకే వస్తుంది, వాళ్ళదేం తప్పు? పెంకుటింటి ముందు దేవ్యా బండి ఆపాడు. నేను దిగాను. ఆయన బల్ల మీదే ఉన్నాడు.

"దిగుండ్రి."

కదల్లేదు.

"దిగుతరా, ఇంతమంది ముందట బుచ్చి పేరు పెట్టి మొత్తుకోవాల్నా?"

దిగాడు.

వాకిట్లో వడ్లు ఆరబోస్తున్న ఆమె, యాకమ్మ, కొమురయ్య తల్లి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసింది. "ఓట్లకా? మా ఆయన ఇంట్లనే ఉన్నడు" అని లోపలికి కేక వేసింది.

"ఓట్లకు గాదు యాకమ్మా. నేను బుచ్చి వాళ్ళ అమ్మను" అన్నాను.

చేతిలో పార కింద పెట్టింది. చాలాసేపు నన్నే చూసింది. ఆమె భర్త పోచయ్య వచ్చాడు. మనిషి వంగిపోయాడు కానీ ఈయనను చూడగానే గుర్తుపట్టాడు. మంచం వాల్చాడు. ఈయన కూర్చోలేదు.

"ఆ లారీ మాట్లాడింది నేనే పోచయ్యా" అన్నాడు.

"ఎరుకే."

"నేను రావాల్సి ఉండె. రాలే."

"గది గూడ ఎరుకే." పోచయ్య గొంతు పెంచలేదు. "ఒక్కటే అడుగుత దొరా. అప్పటి సంది అడుగుదామనుకుంటున్న, మీరు దొరుకలే. మీ జీపుల జాగ లేకుండెనా?"

ఈయన నేల చూస్తూ చెప్పాడు.

"ఉండె. బుచ్చిని పిలిచిన. లారీ టైర్లు మంచిగ లెవ్వు, మంది ఎక్కువైండ్రు, జీపుల కూసో బిడ్డా అన్న. రానన్నడు. కొమురయ్య, రాజలింగం లారీల వస్తుంటె నేనెట్ల జీపుల వస్త బాపూ అన్నడు."

ఈ మాట నేను ఎప్పుడూ వినలేదు. పదమూడేళ్ళు ఒకే కుండలో అన్నం తిని, ఒకే ఇంట్లో తిరిగిన మనిషి నాకు చెప్పని మాట.

పోచయ్య తల ఊపాడు. మెల్లగా అన్నాడు.

"టైర్లు మంచిగ లెవ్వని ఎరుకైనంక, నీ కొడుకునే పిలిచినవు దొరా."

ఈయన నా వైపు చూశాడు. నేను పోచయ్య వైపే చూశాను.

యాకమ్మ నా మణికట్టు పట్టుకుంది. "నువ్వు లోపలికి రా అక్కా" అంది. లోపల చెంబుతో నీళ్ళు ఇచ్చింది. కొమురయ్య ఫోటో లేదట, తీయించలేదట. హాస్టల్లో తీసినది ఏదైనా నా దగ్గర ఉందా అని అడిగింది. లేదు. బుచ్చిది ఒక్కటే ఉంది, ఒక్కడే నిలబడ్డది. కొమురయ్య మా ఇంట్లో సర్వపిండి ఎట్లా తినేవాడో చెప్పాను. నవ్వింది. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వాకిట్లో ఆయన ఎండలో నిలబడే ఉన్నాడు. ఆయనకు ఎవరూ నీళ్ళు ఇవ్వలేదు. ఇవ్వమని నేనూ అనలేదు.

26 నవంబర్, పరకాల దగ్గర, బండిలో

పొద్దున రోడ్డు పక్కన ఆపి దేవ్యా చాయ్ పెట్టాడు. నేను ఆగలేకపోయాను.

"నాకెందుకు చెప్పలే?"

"ఏంది?"

"బుచ్చి జీపు ఎక్కనన్నది. ఊరందరి ముందట చెప్పిండ్రు. నాకెందుకు చెప్పలే?"

చాయ్ గ్లాసు కింద పెట్టి అన్నాడు. "చెప్తె నువ్వు గూడ పోచయ్య అన్న మాటే అంటవని."

అవును, అనేదాన్ని. మొదటి రోజే అనేదాన్ని. ఆయనకు అది తెలుసు. అందుకని నా కోపం తగ్గాలా? ఇంకా పెరిగింది. ఆ మాట తను మోయలేనిదని దాచుకున్నాడు. కానీ అందులో సగం నాది. నా కొడుకు జీపు ఎక్కలేదు. దోస్తులను వదిలి రానన్నాడు. వాడు నోరు తెరిచి అన్న ఆఖరి మాటల్లో అదొకటి. వాడు ఏ పాపం ఎరగకుండా గొర్రెపిల్లలా లారీ ఎక్కాడని ఇన్నేళ్ళు ఏడ్చాను నేను. వాడు ఎంచుకుని ఎక్కాడు. ఆ ఒక్క మాట ఉంటే నేను ఇంకోలాగా ఏడ్చేదాన్ని. దాన్ని నా దగ్గర దాచడానికి ఈయనెవరు?

ఇదంతా అన్నానో, కొంత అని కొంత ఇక్కడే రాస్తున్నానో తెలియదు. దేవ్యా దూరంగా పోయి టైరు చూస్తూ నిలబడ్డాడంటే గట్టిగానే అన్నట్టున్నాను.

"ఇగ సాలు రుక్మిణీ. ఇంటికి మర్రుదాం" అన్నాడు ఈయన.

"దేవ్యా, భూపాలపల్లి" అన్నాను.

27 నవంబర్, భూపాలపల్లి

రాజలింగం తల్లి సత్తమ్మ ఒక్కతే ఉంటుంది. భర్త కొడుకు కంటే ముందే పోయాడట. తునికాకు కాలంలో ఆకు ఏరుతుంది, మిగతా రోజులు కూలి. అడవి అంచున తాటాకు ఇల్లు. మేము పోయేసరికి కట్టెల మోపు దించుకుంటోంది.

ఈసారి దిగమని నేను చెప్పేలోపే ఈయన దిగాడు. దిగి, తనెవరో చెప్పాడు. లారీ చెప్పాడు, టైర్లు చెప్పాడు, జీపు చెప్పాడు. బుచ్చిని పిలిచిన మాట కూడా చెప్పాడు. తల వంచుకుని, పాఠం అప్పచెప్పినట్టు, ఒక్కటీ వదలకుండా.

ఆమె తిట్టలేదు. తిడుతుందని నేను ఎదురుచూశాను. తిట్టాలని కోరుకున్నాను.

"నా కొడుకు కాడ నువ్వున్నవా?" అని అడిగింది.

"ఉన్న."

"పాణం వోయేటప్పుడు ఏమన్న అన్నడా?"

"దూప అన్నడు."

"ఇచ్చినవా?"

"ఇచ్చిన. జీపుల నీళ్ళ సీస ఉండె."

ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"అవ్వ అన్నడా?"

ఈయన ఒక్క క్షణం ఆగాడు. "అన్నడు" అన్నాడు.

నేను ఆయన మొహమే చూస్తున్నాను. ముప్పై ఏళ్ళుగా ఆ మొహంలో ఏది అబద్ధమో ఏది నిజమో నాకు తెలుస్తుంది. ఇవాళ తెలియలేదు.

సత్తమ్మ లేచింది. తలుపు దగ్గరకు వేసి గొలుసు పెట్టింది. "గా తావు నేను సూడలే. పీనుగను తెచ్చి గీడ దించి పోయిండ్రు గని, యాడ పడ్డడో ఎవలు సూపియ్యలే. నన్ను తోల్కపో" అంది. ఎవరూ రమ్మనక ముందే బండెక్కి నా బల్ల మీద పడుకుని కళ్ళు మూసుకుంది.

నేనూ ఆ చోటు చూడలేదు. వరంగల్ బస్సులో ఎన్నిసార్లు పోయానో. రఘునాథపల్లి వస్తుందనగానే కొంగు మొహం మీద వేసుకుని నిద్రపోయినట్టు ఉంటాను. ఆ చోటు ఎక్కడని ఎప్పుడూ అడగలేదు. ఇది సత్తమ్మతో అనలేదు.

29 నవంబర్, జనగామ

నిన్న పొద్దున వరంగల్ వైపు నుంచి వచ్చాము. నేను కొంగు వేసుకోలేదు. రఘునాథపల్లి ఇంకా రాలేదు, ఈయన ముందు సీట్లోంచి దేవ్యా భుజం మీద చెయ్యి వేశాడు. బండి ఆగింది.

ఏమీ లేదు అక్కడ. మలుపు, రోడ్డు కింద ఒక తూము, అవతల పత్తి చేను. చేనులో ఇద్దరు ఆడవాళ్ళు పత్తి ఏరుతున్నారు. మమ్మల్ని చూసి మళ్ళీ పనిలో పడ్డారు. లారీలు వస్తున్నాయి, పోతున్నాయి. పిల్లలు పోయిన చోటు ఇంకోలాగా ఉంటుందనుకున్నాను. ఎట్లాగో తెలియదు.

ఈయన ముందు నడిచి చూపించాడు. "లారీ ఈడ తిరగవడ్డది. రాజలింగం గీ తూము కాడ. కొమురయ్య ఆ ఒడ్డుకు. బుచ్చి..." అని ఆగి, చెయ్యి ఎత్తి, నా కాళ్ళ దగ్గర చూపించాడు. నేను నిలబడ్డ చోటే. ఒక అడుగు వెనక్కి వేశాను. అంతకంటే పోలేకపోయాను.

పదమూడేళ్ళలో ఆయన నోట బుచ్చి పేరు వినడం పెద్దవంగరలోనే మొదలు. మూడు రోజుల్లో ఎన్నిసార్లు అన్నాడో. ప్రతిసారీ నాకు చెంపదెబ్బ తగిలినట్టే ఉంది. ఆయనకు కూడా తగులుతోందో లేదో.

సత్తమ్మ తూము పక్కన కూలబడింది. చేత్తో మట్టి తడుముతూ ఉంది, పిల్లవాడి తల నిమిరినట్టు. ఏడ్పు లేదు. ఏదో చెబుతోంది కొడుక్కి, మెల్లగా, ఇంటి సంగతులు. కప్పు కొత్తగా వేయించానని, మేకను అమ్మానని. నేను దూరంగా జరిగాను, అవి వాళ్ళిద్దరి మాటలు.

నేను బుచ్చికి చెప్పేది ఏమీ తోచలేదు. ఆఖరికి, "మంచి పని చేసినవు బిడ్డా" అన్నాను. పైకే అన్నాను. జీపు ఎక్కనందుకు. అది అన్నాక ఏడ్పు వచ్చింది.

ఎండ ముదిరింది. ఈయన కండువాతో మెడ తుడుచుకున్నాడు. మీటింగుల్లో, పెళ్ళిళ్ళలో, చావుల్లో, ఎక్కడైనా లేచిపోవడానికి ముందు ఇట్లాగే తుడుచుకుంటాడు.

"ఇగ పోదామా? ఎండైతున్నది" అన్నాడు.

"సత్తమ్మ లేసేదాంక ఎటు పోయేది లేదు. కూసోండ్రి."

"ఈడనా?"

"ఈడనే."

దేవ్యా స్టార్టు చేసిన ఇంజను ఆపేశాడు. తెల్ల ధోతితోనే ఈయన మట్టిలో కూర్చున్నాడు. లారీ ఒకటి పెద్దగా హారను కొట్టుకుంటూ పక్క నుంచే పోయింది. ఉలిక్కిపడ్డాడు కానీ లేవలేదు. నేనూ కూర్చున్నాను. ఆయన పక్కన కాదు, ఎదురుగా, మొహం కనిపించేట్టు. నా కోపం ఎక్కడికీ పోలేదు. పదమూడేళ్ళు ఒక్కదాన్నే మోశాను. ఇకముందు ఆయన కూడా చూస్తూ కూర్చోవాలి దాన్ని.

సత్తమ్మ చాలాసేపు లేవలేదు. పోదామని ఆయన మళ్ళీ అడగలేదు.